బొట్టు పెట్టని బోర్డు

చీపురుపల్లిలో మాది మోటార్లు, పైపులు అమ్మే కొట్టు. తాతల నాటి నుంచీ మా ఇంట్లో ఎవరూ ఏ వస్తువూ తయారు చేసిన పాపాన పోలేదు. కొనడం, అమ్మడం, మధ్యలో కాస్త బేరం, అంతే మాకు తెలిసిన విద్య. అలాంటి ఇంట్లో పుట్టి, ఎలక్ట్రానిక్స్ చదివొచ్చి, కొట్టు మీది గదిలో బల్ల వేసుకుని ఏదో చేస్తానన్న మొదటివాణ్ణి నేను. నాన్న వద్దనలేదు. "కూకో. కింద కూకున్నా, మీద కూకున్నా తినేది ఆ అన్నమే కదా," అన్నాడు. అది దీవెనో దెప్పిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.

చేద్దామనుకున్నది పెద్ద ఘనకార్యమేమీ కాదు. మేడ మీద ట్యాంకులో నీళ్ళు తగ్గితే మోటారు దానంతట అదే ఆన్ అవ్వాలి, నిండితే ఆగాలి. ట్యాంకులోకి పొట్టీ పొడుగూ స్టీలు కడ్డీలు వేలాడదీస్తాం. నీళ్ళు కడ్డీని తాకితే సన్నటి కరెంటు పారుతుంది. ఆ కబురు మైక్రోకంట్రోలర్ అనే చిప్పుకు చేరుతుంది. గోరంత కంప్యూటరు అనుకోండి. ఆన్, ఆఫ్ చెప్పేది అదే. దానికి బుద్ధి నేర్పే ప్రోగ్రాము నేను రాస్తాను, అందులో పేచీ లేదు. మరి ఆ చిప్పు కూర్చునే బోర్డు మాటేమిటి? మనమే చేసుకోవాలా, తయారుగా దొరికేది కొనుక్కోవాలా? మా ఇంట్లో ఆ ఏడంతా నడిచిన గొడవ అదే.

చేసేవాడు మా బావ. మా పెద్ద మేనత్త కొడుకు, నాకన్నా బాగా పెద్దవాడు. శృంగవరపుకోటలో టీవీలు బాగుచేసే షాపు ఉండేది అతనికి. డబ్బా టీవీలు పోయి గోడకు తగిలించే పలక టీవీలు వచ్చాక ఆ షాపులో ఈగలు తోలుకోవడం తప్ప పని లేకుండా పోయింది. పలక టీవీ పాడైతే ఎవరూ బాగుచేయించరు. లోపలి బోర్డు తీసి పారేసి ఇంకోటి వేస్తారు. ఆ పని చేయడానికి బావ అక్కర్లేదు. షాపు మూసేశాక విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా రమ్మని ఎవరో పిలిచారు. మెట్ల కింద గది ఇస్తామన్నారు. బావ సంచి సర్దుకుంటూ ఉండగా నేను ఫోన్ చేసి, వెళ్ళొద్దు, నాకు బోర్డులు చేసిపెట్టమన్నాను. వచ్చాడు. కాబట్టి సంగతి సూటిగా చెప్పాలంటే ఇదీ: బోర్డులు చేసుకుంటే బావ మా దగ్గర ఉంటాడు, కొనుక్కుంటే బావ వెళ్ళి ఎవరి కార్లకో గేటు తీస్తాడు. ఊరికే కూర్చోబెట్టి అన్నం పెడితే తినే మనిషి కాదు.

అతని పద్ధతి చూడాలి. రాగిరేకు అతికించిన గోధుమరంగు అట్ట మీద మార్కర్ పెన్నుతో గీతలు గీసేవాడు. పెన్ను పలచబడిన చోట మా అక్క గోళ్ళరంగు పూసేవాడు. తర్వాత దాన్ని మందునీళ్ళ టబ్బులో వేసి, గీతలున్న చోట తప్ప మిగతా రాగి కరిగిపోయేదాకా ఊయల ఊపినట్టు ఊపేవాడు. ఆ మందు మరక బట్టల మీద పడితే పోదు, గచ్చు మీద పడినా పోదు. మా స్నానాలగది ఆ ఏడాదే తుప్పురంగుకు తిరిగింది, మా అమ్మ నోరు ఆ ఏడాదంతా మూతపడలేదు. చివర్న మోటార్లకు తీగ చుట్టే షాపు నుంచి తెచ్చిన వార్నిష్ రెండు పూతలు. ఒక బోర్డు పూర్తయ్యేసరికి పుణ్యకాలం కాస్తా గడిచేది. ఏ రెండు బోర్డులూ ఒకేలా ఉండేవి కావు. గీతలు పొలం గట్లలాగ వంకరటింకరగా పోయేవి. బావ మాత్రం దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టుకుని, "సూడు, జపానోడు కూడా ఇలాగ సెయ్యలేడు," అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇంతలో నేను ఒక నీలం బోర్డు తెప్పించాను. చీపురుపల్లిదాకా తెచ్చివ్వడానికి కొరియరువాడికి బద్ధకం, విజయనగరం వెళ్ళి తెచ్చుకున్నాను. అరచేతిలో పట్టేంత ఉంది. గీతలు వెంట్రుకల్లాగ, ఒకదాని పక్కన ఒకటి ఇరుకిరుగ్గా. నాన్న దాన్ని బొటనవేలితో నిమిరి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"ఇదిరా వస్తువంటే," అన్నాడు.

బావ మొహం మాడిపోయింది. "మెరిసిందల్లా వస్తువేటి మావా? అది పాడైతే ఏటి సేస్తావు? నాదైతే కళ్ళు మూసుకుని బాగుసేస్తాను."

"పాడవనిది సెయ్యరా అంటే బాగుసేస్తానంటాడేటి వీడు! సున్నిపిండి ఇంట్లో కొట్టుకుంటాం, సబ్బు కొనుక్కుంటాం. సబ్బు ఎవడైనా ఇంట్లో వండుకుంటాడేటి?"

"వండితే వండుతాం. ఏటైపోద్ది?"

నా లెక్క ప్రకారం ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కొన్న బోర్డు ఇవాళ ఒకటి తెచ్చినా, వచ్చే ఏడు ఇంకోటి తెచ్చినా అచ్చు ఒకేలా ఉంటుంది. ప్రోగ్రాము ఎక్కిస్తే చాలు. బావ బోర్డులో ఏ గీత ఎక్కడ పోతోందో బావకు తప్ప దేవుడికి తెలియదు. కానీ కొన్న బోర్డు పోతే పోయిందే. సముద్రపు గాలికి, మా ఊళ్ళ పిడుగులకు అది ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసినవాళ్ళెవరూ లేరు. ఇలా రెండు వైపులా తూచుకుంటూ గోడమీద పిల్లిలా కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండేది ఒక్క విషయానికే. అటు తూచినా ఇటు తూచినా తక్కెడలో చివరికి బావ కూర్చుని ఉండేవాడు.

తేల్చే మార్గం నాన్నే చెప్పాడు. అరసవల్లిలో మా చిన్న మేనత్తకు లాడ్జి ఉంది. నాకు అత్త, బావకు పిన్ని. మావయ్య సూర్యనారాయణస్వామి గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టు చూసుకుంటే లాడ్జి ఆవిడే నడిపేది. పాత బిల్డింగొకటి, కొత్త బిల్డింగొకటి, రెండింటికీ వేరువేరు ట్యాంకులు. మోటారు వెయ్యడం మర్చిపోవడం, వేస్తే ఆపడం మర్చిపోవడం అక్కడి పనివాళ్ళకు మామూలు. మాఘమాసం ఆదివారాలు భక్తులు కిక్కిరిసిపోతారు, ఆ రోజు కుళాయి ఆగిందా అత్త పరువు గంగలో కలిసినట్టే.

"దానికొకటి, దీనికొకటి ఎట్టండి," అన్నాడు నాన్న. "మాఘం ఎల్లేదాకా సూద్దాం. ఏది మనల్ని మళ్ళీ పిలవకుండా ఉంటాదో అదే మన బోర్డు. సేసుకోడమో కొనుక్కోడమో అప్పుడు సెప్తాను."

మాఘంలో మొదటి ఆదివారానికి ముందురోజు ముగ్గురం పాసింజర్‌లో ఆమదాలవలస దిగి, అక్కణ్ణించి అరసవల్లి చేరాం. బావ తన బోర్డును తువ్వాలులో చుట్టి దారంతా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నీలం బోర్డు నా సంచిలో టిఫిను డబ్బా కింద పడుంది. పాత బిల్డింగుకు బావది, కొత్త బిల్డింగుకు కొన్నది బిగించాం. రెండూ తలుపున్న ఇనప పెట్టెల్లో, మెట్ల పక్క గోడకు. ఎందుకైనా మంచిదని చేత్తో వేసుకునే స్విచ్చి కూడా పక్కనే పెట్టాను. సాయంత్రానికి రెండు మోటార్లూ వాటంతట అవే ఆన్ అయి, వాటంతట అవే ఆగాయి. అత్త నోటి మీద వేలేసుకుని చూసింది. "ఎవులూ ఎయ్యకుండానే ఎలాగ తిరుగుతన్నాదిరా!" అంది. బావ మీసం దువ్వుకున్నాడు.

ఆదివారం పొద్దున్న లాడ్జి నిండిపోయింది. ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్ళు కూడా చాలామంది. నేను వరండాలో కాఫీ తాగుతున్నాను. కొత్త బిల్డింగు మెట్ల మీద నుంచి ఒకాయన ఒళ్ళంతా సబ్బు నురగతో, నడుముకు తువ్వాలుతో దిగి వచ్చాడు. "పాణి! పాణి!" అని అరుస్తున్నాడు. వెనకాలే ఇంకో ఇద్దరు, ఖాళీ బకెట్లతో. కాఫీ గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

మేడెక్కి చూస్తే ట్యాంకు ఎండిపోయింది. మోటారు కదల్లేదు. స్విచ్చి చేత్తో వేసి, పరుగున వచ్చి పెట్టె తలుపు తీశాను. తీసి అలాగే నిలబడిపోయాను. నీలం బోర్డు ఇప్పుడు నీలంగా లేదు. నిండా పసుపు. పసుపు మీద వరసగా కుంకుమ బొట్లు. చిప్పు నెత్తిన ఒక పెద్ద బొట్టు. పెట్టె అడుగున కొబ్బరినీళ్ళు.

మా వైపు కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాల్సిందే. మోటారు కొన్నా, మిక్సీ కొన్నా, మోపెడ్ కొన్నా అంతే. అది నాకు తెలియనిది కాదు. మా కొట్లో మోటారు బిల్లుతోపాటు కుంకం పొట్లం కూడా ఇస్తాం. కానీ ఆ కుంకం మోటారు బయట పెడతారు. తెల్లారగట్ల తలంటు పోసుకుని, పెట్టె తలుపు తీసి, లోపల కరెంటుతో ఉన్న బోర్డుకు తడిచేత్తో పసుపు పూసే మనిషి ఉంటుందని ఏ కాలేజీలోనూ నాకు చెప్పలేదు. అత్తకు షాకు కొట్టకపోవడం ఆ సూర్యనారాయణమూర్తి చలవే.

జరిగిందేమిటో అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇరుకిరుకు గీతల మధ్య తడి పసుపు, కొబ్బరినీళ్ళు చేరాయి. వాటి గుండా కరెంటు సన్నగా పారింది. పై కడ్డీకి నీళ్ళు తగిలాయని చిప్పు అనుకుంది. ట్యాంకు నిండే ఉందనుకుని హాయిగా ఊరుకుంది.

"ఏటత్తా ఇది?" అన్నాను.

"ఏటంటావేట్రా? కొత్త వస్తువు. బొట్టెట్టుకోమా?"

"పెట్టె మీద ఎట్టొచ్చు కదా!"

"పెట్టె మీద ఎడితే పెట్టెకి ఎట్టినట్టవుతాది. వస్తువుకి ఎట్టినట్టేటి?"



అప్పటికి నాన్న దర్శనం చేసుకుని వచ్చాడు. బావ ఆయన్ని చెయ్యి పట్టుకుని పాత బిల్డింగు దగ్గరికి లాక్కెళ్ళాడు. అక్కడ మోటారు బుద్ధిగా నడిచి, నిండగానే ఆగింది. కుళాయిల్లో నీళ్ళే నీళ్ళు. "సూసేవా మావా! కొన్నది కూలబడ్డాది, సేసింది నిలబడ్డాది. వార్నిష్ మరి! ఎంత పసుపు రాస్తే మాత్రం ఏటవుతాది నా బోర్డుకి?" అన్నాడు. బావ అంతలా వెలిగిపోవడం షాపు మూశాక నేను చూడలేదు. నాన్న ఆ మోటారు వైపు చూసి, "సరే అయితే. సేసుకోండి," అన్నాడు.

ఆ మాట నా చెవులతో విన్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఇక బావ సంచి సర్దుకోనక్కర్లేదు.

వెనకాలే వచ్చిన అత్త అంది: "దీనికి బొట్టెక్కడ ఎట్టేనురా? ఎట్టనేదు."

"ఎట్టనేదేటి పిన్నీ?"

"పాతదనుకున్నాను. మట్టిరంగులో, ఏదో రేడియో కడుపులోదిలాగ ఉన్నాది. అదేమో నీలంగా మెరుస్తన్నాది, అదే కొత్తదని..."

తలుపు తీసి చూశాం. బావ బోర్డు ముందురోజు బిగించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బొట్టు లేదు, చుక్క నీళ్ళు లేవు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. సొంత పిన్నే దాన్ని వస్తువు కింద లెక్కెయ్యలేదు. మా నాన్న ఎటో చూస్తున్నాడు.

ఆ క్షణాన బావ చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. నాన్న మాట ఇచ్చేశాడు. మా నాన్న ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

"పసుపు కుంకం పళ్ళెం తే పిన్నీ," అన్నాడు బావ.

"బావా, వద్దు. నడుస్తున్నదాన్ని ముట్టుకోకు," అన్నాను. "పైన అంతా జనం."

"నువ్వూరుకోరా! నా బోర్డు వస్తువు కాదేటి? దానికి బొట్టుకి నోసుకోనేదేటి? తే పిన్నీ, బేగి తే."

బావ కళ్ళు ఎర్రబడ్డాయి. నేను పక్కకు తప్పుకున్నాను. అత్త గబగబా పళ్ళెం తెచ్చింది, చేసిన పొరపాటు సరిదిద్దుకునే కంగారులో నీలంబోర్డుకు పెట్టినదానికన్నా రెట్టింపు పెట్టింది. బావ నిలబడి చూశాడు. కొబ్బరికాయ తనే కొట్టాడు. దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

మేం ఇడ్లీలు తింటూ ఉండగా పాత బిల్డింగులో కుళాయి గురగురలాడి ఆగింది. వార్నిష్ ఉన్నది గీతల మీద. కడ్డీల వైర్లు బిగించిన స్క్రూల మీద లేదు. కొబ్బరినీళ్ళకు ఆ మాత్రం సందు చాలు. బావ విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, వెళ్ళి స్విచ్చి దగ్గర నిలబడ్డాడు. నేను రెండో స్విచ్చి దగ్గర నిలబడ్డాను. పొద్దు వాలేదాకా ఇద్దరం అలా మోటార్లు వేస్తూ, మేడ మీద నుంచి పనివాడు "ఆపండి!" అని కేకేస్తే ఆపుతూ గడిపాం. మా తెలివితేటలన్నీ కలిపి లాడ్జికి ఆ రోజు అబ్బిన లాభం ఇద్దరు జీతం లేని పనివాళ్ళు.

తిరుగు రైలు కోసం ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు నాన్న అన్నాడు: "బోర్డు కొనండి. రెండూ ఒకలాగే పోయాయి. పోయేదానికి అంత సాకిరీ దేనికి?" బావ తల ఊపాడు. వాచ్‌మన్ గది అతని కళ్ళముందు ఉందని నాకు తెలుసు, నా కళ్ళముందు కూడా అదే ఉంది. నాన్న వేరుశనక్కాయలు ఒలుచుకుంటూనే ఉన్నాడు. మళ్ళీ ఆయనే, "బొట్టెట్టొద్దంటే మాత్రం ఎవులూ మానరు. మన జనం మానరు. బొట్టు బోర్డుని ముట్టకుండా, ఎట్టినోళ్ళకి వస్తువుకే ఎట్టినట్టుండాలి. అలాంటి పెట్టె ఏ బజార్లో దొరుకుతాదిరా? దొరకదు. అది సేసుకోవాలి," అన్నాడు.

రైలెక్కాం. పొందూరు దాటాక బావ కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు: "మూత మీద ఇత్తడి రేకు ఏద్దాం. కుంకం నిలబడతాది. పైకి ఒక చిన్న లైటెడితే లోపలి వస్తువు సూస్తన్నట్టుంటాది."

అదే చేశాం. ఆ తర్వాత బోర్డులు కొన్నాం, పెట్టెలు చేశాం. బావ చేతి పెట్టెకు ఊళ్ళల్లో బొట్టుపెట్టె అని పేరొచ్చింది. అతను విశాఖపట్నం వెళ్ళలేదు. రేకు కత్తిరించాడు, రబ్బరు అతికించాడు, మూతలు బిగించాడు. రాగి అట్టలు, మందు టబ్బు మళ్ళీ ముట్టుకోలేదు. స్నానాలగది గచ్చు మార్పించాం. సంతోషంగా ఉన్నాడా అంటే, ఉన్నాడనే అనుకుంటాను. అడగలేదు.

ఆ ఆదివారం తడిసిన రెండు బోర్డుల్నీ మర్నాడే తిరిగెళ్ళి, బ్రష్షుతో కడిగి, ఎండబెట్టి మళ్ళీ బిగించాడు బావ. స్క్రూల మీద కూడా వార్నిష్ పూశాడు. నీలంది ఆ వానాకాలంలోనే పోయింది. ఇంకోటి వేశాం, అది ఒక పిడుగుకు పోయింది. ఇంకోటి. బావది మాత్రం పోలేదు.

చాలా ఏళ్ళకు, బావ బోర్డున్న పాత బిల్డింగులో వైరింగంతా మారుస్తున్నారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. మెట్ల పక్క ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరుతో సిద్ధంగా ఉన్నాడు. ఇలాంటి పాత సరుకు ఇప్పుడెవరూ వాడరని, తీసేసి కొత్తది పెడతానని అంటున్నాడు. అత్త పెట్టెకు అడ్డంగా నిలబడింది. పెద్దదైపోయింది ఆవిడ, కానీ గొంతు తగ్గలేదు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను! బొట్టెట్టిన వస్తువు. తీసి పారేస్తారేటి ఎవులైనా? అదిగో ఆ కొత్త బిల్డింగుది మా పిల్లలు సేసింది. ఏడాదికోసారి పాడవతాది. పోనీలే, మనోళ్ళు కదా అని సరిపెట్టుకుంటన్నాను. ఇది అలాంటిది కాదు. కొన్నది. మంచి కంపెనీది." అప్పుడు మమ్మల్ని చూసింది. బావను అడిగింది: "కాదేట్రా?"

నేను నోరు తెరవబోయాను. బావ నా కాలు తొక్కాడు.

"అవును పిన్నీ," అన్నాడు. "కొన్నదే. మంచి కంపెనీ. ఇప్పుడు దొరకటం నేదు."